కంచె వేసిన బీడు

బెంగళూరు నుంచి వస్తూ బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర సరిహద్దులోకి రాగానే 44వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ బోర్డులు మొదలవుతాయి. పావు ఎకరా తోట, అర ఎకరా తోట, వారాంతపు ఇల్లు, శ్రీగంధం మొక్కలు ఉచితం, సులభ వాయిదాలు. అన్నింటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండే సంగతి ఒకటే: బెంగళూరు విమానాశ్రయానికి ఎన్ని నిమిషాలు. ఆ నేలలో బండ ఎన్ని అడుగుల కింద తగులుతుందో, ఏడాదికి ఎంత వాన కురుస్తుందో, ఊరి చెరువు చివరిసారి ఎప్పుడు మరువ పారిందో చెప్పే బోర్డు మాత్రం వెతికినా దొరకదు. అమ్మేవాళ్లు మర్చిపోయి కాదు. కొనేవాళ్లు అడగని సంగతి రాయించడం రంగు దండగ. చిలమత్తూరు, గోరంట్ల, లేపాక్షి, పెనుకొండ మండలాల్లో కొన్నేళ్లుగా అమ్ముడుపోతున్నది చేను పేరుతో దూరం. దీనికి పెట్టుబడి అని పేరు పెట్టారు. కరువు పల్లెకు నగరం డబ్బు వస్తోందని సంబరపడేవాళ్లూ ఉన్నారు. డబ్బు వస్తున్న మాట నిజమే. ఆ డబ్బు నేలలోకి దిగుతోందా, నేల మీదుగా దాటిపోతోందా అన్నదే తేల్చుకోవలసిన లెక్క.

ఈ గాలి ఇటు మళ్లడానికి కారణాలు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. 2008 మేలో దేవనహళ్లి దగ్గర కొత్త విమానాశ్రయం తెరవడంతో బెంగళూరు ఉత్తరానికి పెరగడం మొదలుపెట్టింది. చిక్కబళ్లాపురం మీదుగా ఆ పెరుగుదల చూపు మన సరిహద్దు దాకా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ కట్టింది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ అకాడమీని 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. కొడికొండ దగ్గర మొదలై ముప్పవరం దాకా సాగే ఆరు వరుసల రహదారి పనులు నడుస్తున్నాయి. ఇవన్నీ అసలైన పెట్టుబడులే, వాటిని తక్కువ చేయడానికి లేదు. చిక్కు వాటి నీడతో వస్తుంది. ఫ్యాక్టరీ ఒక ఊళ్లో లేస్తే ధర ముప్పై ఊళ్లలో లేస్తుంది. ఫ్యాక్టరీకి కావలసింది అయిదువందల ఎకరాలైతే, ఆ వార్తను చూపించి చేతులు మారేది అంతకు ఎన్నో రెట్లు.

ఈ కథలో చట్టానికీ పాత్ర ఉంది, దాన్ని గుర్తుచేసుకునేవాళ్లు మాత్రం తక్కువ. 1961 నాటి కర్ణాటక భూసంస్కరణల చట్టంలో 79-ఎ, 79-బి అని రెండు సెక్షన్లుండేవి. వ్యవసాయదారు కానివారు, వ్యవసాయేతర ఆదాయం ఒక పరిమితి దాటినవారు అక్కడ సాగుభూమి కొనకూడదు. అప్పట్లో బెంగళూరులో జీతం తీసుకునే ఉద్యోగికి దేవనహళ్లిలో చేను కొనే హక్కు కాగితం మీద లేదు. గంటన్నర ఉత్తరానికి వచ్చి రాష్ట్ర సరిహద్దు దాటితే ఆ అడ్డు మాయం. ఆంధ్రప్రదేశ్‌లో 1973 నాటి భూపరిమితి చట్టం ఎంత ఉండవచ్చో చెబుతుంది, ఎవరికి ఉండవచ్చో చెప్పదు. మెట్ట భూమికి ఆ పరిమితి 35 నుంచి 54 ఎకరాలు. పావు ఎకరా తోట కొనేవారికి అది ఏ మూలకు? అలా పక్క రాష్ట్రపు నిషేధం మన సీమకు గిరాకీగా మారింది. 2020లో కర్ణాటక ఆ సెక్షన్లను తీసేసింది. అయినా ధరలో తేడా అలాగే ఉంది కాబట్టి బోర్డులు ఇటు వైపు తగ్గలేదు. దీనికి తోడు ఆదాయపు పన్ను చట్టం ఇచ్చే వెసులుబాటు ఒకటి. జనాభా లెక్కను బట్టి పట్టణ సరిహద్దుకు రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమిని అమ్మితే వచ్చే లాభం మీద మూలధన పన్ను లేదు. రైతు కోసం పెట్టిన మినహాయింపు ఇది. మడక పట్టనివారికి కూడా అంతే ధారాళంగా దక్కుతోంది.

ధరకూ దిగుబడికీ మధ్య తాడు ఎక్కడ తెగిందో చిన్న లెక్కతో చూడవచ్చు. 2025-26 పంటకాలానికి కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. వాన సకాలంలో కురిసి, పూతా ఊడా బాగా దిగిన ఏడాది మెట్ట ఎకరాకు నాలుగు క్వింటాళ్ల శెనక్కాయ వచ్చిందనుకుందాం. ఈ సీమలో అది మంచి పంటే. చేతికొచ్చేది 29 వేల రూపాయలు. విత్తనం, సేద్యం, కలుపు, కూలి, ట్రాక్టరు ఖర్చు పోగా మిగిలేది ఎంతో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఉదాహరణకు ఆ ఎకరా ఇరవై లక్షలు పలికిందనుకుంటే, అదే సొమ్ము బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేసినా ఏడాదికి 1 లక్షా 40 వేలు వస్తుంది. సేద్యం లెక్కతో ఆ ధర పెట్టేవాళ్లు ఉండరు. అంటే కొన్న క్షణం నుంచీ ఆ భూమి సేద్యం లెక్కలోంచి బయటికి పోయినట్టే. మరో అయిదేళ్లకు మరొకరు ఇంకా ఎక్కువ పెడతారన్న ఆశే దాని పంట. పక్క చేనున్న రైతుకొడుకు ఇంకో రెండెకరాలు కలుపుకుని చీనీతోట వేద్దామనుకుంటే, అతడు పోటీపడాల్సింది పక్క రైతుతో కాదు, బెంగళూరు వైట్‌ఫీల్డ్ జీతంతో. భూమి తమ్ముడికో, పాలికాపుకో, పొరుగువాడికో దక్కే దారి అక్కడితో మూసుకుపోతుంది.

కొనుగోలునూ పెట్టుబడినీ ఒకే గాటన కట్టడంలోనే పొరపాటంతా ఉంది. కొనుగోలులో సొమ్ము ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోతుంది, చేను చేనుగానే ఉంటుంది. గట్టు పోసినా, కుంట తవ్వినా, చెట్టు పెంచినా, రాళ్లేరినా, చెరువు మట్టి తోలినా అది పెట్టుబడి, ఎందుకంటే ఆ తర్వాత నేల మునుపటి నేల కాదు. అమ్మినవాళ్ల సొమ్ము ఎక్కడికి పోతుందో ఊహించడం కష్టం కాదు. పాత అప్పు, పెళ్లి, ఆస్పత్రి, హిందూపురంలో ఇంటిస్థలం, మిగిలితే బండి. వీటిలో దుబారా ఏమీ లేదు, ఎవరి సంసారంలోనైనా ఉండేవే. కాని అందులో ఏదీ మళ్లీ ఆ ఊరి మట్టిలోకి రాదు. కొన్నవాళ్లు పెట్టే ఖర్చులో మొదటిది కంచె, రెండోది గేటు, మూడోది బోరు. ఊరికి దక్కాల్సిన న్యాయమైన వాటా కూడా చిక్కిపోతుంది. రిజిస్ట్రేషన్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, రుసుము 1 శాతం ఉంటే, స్థానిక సంస్థలకు చెందాల్సిన బదిలీ సుంకం 1.5 శాతం. దస్తావేజులో రాసే విలువ చేతులు మారిన ధరకు ఎంత దూరంలో ఉంటుందో లోకానికి తెలిసిందే. ఆ దూరం మేరకు పంచాయతీకి గండి.

ఇక్కడ ఎదురయ్యే మొదటి ఆక్షేపణ బలమైనదే. అయ్యా, బయటివారు రాకముందు ఈ చేలు పచ్చగా ఉన్నాయా? వానను నమ్మి శెనక్కాయ ఒక్కటే వేసి, నాలుగేళ్లకు మూడేళ్లు నష్టపోయి, కదిరి వైపు పల్లెలు కేరళకూ, హిందూపురం, మడకశిర వైపు పల్లెలు బెంగళూరుకూ వలస పోలేదా? బీడు పడిన భూమిని కొన్నందుకు కొన్నవారిని తిట్టడం ఏం న్యాయం? ఈ మాటలో చాలావరకు నిజముంది. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే సీమ ఇది. పక్కనున్న బెంగళూరుకు ఇంచుమించు దానికి రెట్టింపు పడుతుంది. దేశం మొత్తానికి ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారంటే ఇక్కడి బతుకు ఎలాంటిదో ఢిల్లీకి కూడా తెలుసునన్నమాట. అయితే ఈ సీమలో బీడు అనే మాటకు పనికిరాని నేల అని అర్థం లేదు. పట్టణం చూపుకు ఏమీ లేనట్టు కనిపించే ఆ నేలమీద పెద్ద వ్యవహారమే నడుస్తుంది.

శెనక్కాయ పీకి కట్టె ఎత్తాక చేలల్లోకి జీవాలు దిగుతాయి. కురుబల మందలు ఒక్కో చేను మేసుకుంటూ వంక వెంబడి గుట్ట దాకా పోతాయి. రాత్రి ఒక రైతు చేలో మంద వేస్తారు. నాలుగు రాత్రులు వందల గొర్రెలు పడుకుని లేస్తే ఎరువు కొనే పని తప్పుతుంది. రైతు మందకు గింజలో, డబ్బో ఇస్తాడు, కాపరికి మేత దొరుకుతుంది. ఇందులో పత్రం లేదు, సంతకం లేదు, రెండు పక్షాలకూ నష్టం లేదు. దేశంలోనే గొర్రెలు దండిగా ఉన్న జిల్లాల్లో అనంతపురం ఒకటిగా నిలిచింది ఈ కట్టుబాటు మీదే. ఇప్పుడు ఆ దారి మధ్యలో ఒక లేఅవుట్ వేశారనుకోండి. రాతి కూసాలు, వాటికి ఇనుప వల, పైన ముళ్లతీగ, తాళం వేసిన గేటు, గేటు పక్కన ఎండిపోయిన శ్రీగంధం మొక్కలు నాలుగు వరుసలు. లోపల గడ్డి మోకాలెత్తు పెరిగి ఎండుతుంది, బయట మంద రెండు మైళ్లు చుట్టుతిరుగుతుంది. ఆ గడ్డికి ఎండాకాలం నిప్పు తగిలితే చుట్టుపక్కల చేల చింతలూ కానుగలూ కూడా కాలతాయి. కొన్నవారి మీద దురుద్దేశం అంటగట్టనక్కర్లేదు. ఆ దారి అక్కడ ఉన్నట్టు వారికి చెప్పేవాళ్లే లేరు, ఎందుకంటే అది ఏ పటంలోనూ లేదు.

నీళ్ల సంగతి ఇంకా గట్టిది. ఈ పీఠభూమి అడుగున ఉన్నది గ్రానైటు, నైసు రాయి. నీరు నిలిచేది పైనున్న మొరం పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ. ఒక పగులును వందడుగుల దూరంలో ఇద్దరు తవ్వితే నీరు రెండింతలు కాదు, ఇద్దరి వాటా సగమవుతుంది. వెయ్యి అడుగుల బోరు వేసే స్తోమత ఉన్నవాళ్లు మూడొందల అడుగుల బోరు ఉన్న పొరుగువాళ్ల నీళ్లను మాట మాత్రం చెప్పకుండా తీసేసుకోగలరు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. భూగర్భజలం మితిమీరి తోడేసిన గ్రామాల్లో తాగునీటికి తప్ప కొత్త బోరు వేయకూడదు. చట్టం మంచిదే, రాత్రిపూట వచ్చే బోరు లారీకి మాత్రం అది కనపడదు. బోరుకన్నా తెలియకుండా చేసే హాని ఇంకొకటి ఉంది. విజయనగర కాలం నుంచీ ఈ సీమను నిలబెట్టింది గొలుసు చెరువులు. బుక్కపట్నం, ధర్మవరం, అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం, అన్నీ వంకల మీదే బతుకుతాయి. వంకకు అడ్డంగా ఒక ప్రహరీ గోడ, ఎత్తు చేసిన ఒక మట్టిరోడ్డు వస్తే చాలు, కింద చెరువుకు చేరే నీటికి దారి తప్పుతుంది. హంద్రీ-నీవా నీళ్లు వస్తాయి కదా అనేవారికి ఒక మాట: శ్రీశైలం వరద నీటిలోంచి 40 టీఎంసీలు ఎత్తిపోసి నాలుగు జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్న పథకం అది. గొల్లపల్లి జలాశయం దాకా వచ్చిన నీటిలో ఫ్యాక్టరీకి వాటా ఉంది, తాగునీటికి వాటా ఉంది. వారాంతపు తోటల ఈతకొలనుకు అందులో వాటా రాసినవాళ్లు లేరు.

భూమి కొన్నవారందరూ దాన్ని బీడు పెడతారనడం కూడా సరికాదు. కొందరు ఊళ్లో ఒకరికి గుత్తకో కోరుకో ఇస్తారు. అక్కడ ఇంకో ముడి ఉంది. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. ఆ కార్డుంటేనే పంట రుణం, బీమా, నష్టపరిహారం. కార్డుకు యజమాని సంతకం కావాలి. యజమాని ఊళ్లోవాడైతే సాయంత్రం రచ్చబండ దగ్గర పట్టుకుని, నయానో భయానో, పెద్దమనుషుల చేత చెప్పించో సంతకం చేయించవచ్చు. యజమాని బెంగళూరు సర్జాపుర రోడ్డులో పద్నాలుగో అంతస్తులో ఉంటే ఎవరు ఎవరిని అడగాలి? సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం పాత భూస్వామికి ఎంత ఉందో కొత్త యజమానికి అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే అతనికి ఆ ఊరు తెలియదు. దాంతో సేద్యం చేసేది ఒకరైతే లెక్కల్లో రైతు మరొకరు. 2019లో మొదలైన పీఎం కిసాన్ ఆరు వేలైనా సరే, పాసుబుక్కులో పేరున్న ఖాతాను చూసే పోతుంది, ఎండలో నడుం వంచినవాళ్ల ఖాతాను కాదు.

కొన్నవారి వైపు నుంచి చూసినా ఇది తెలివైన పనేనా అంటే అనుమానమే. తోట మేమే చూసుకుంటాం, కలప కోతకొచ్చాక లాభం పంచుతాం అనే పథకాలు తెలుగువారికి కొత్త కాదు. తొంభైల చివర్లో మద్రాసు కేంద్రంగా నడిచిన అనుభవ్ ప్లాంటేషన్స్ టేకు మొక్కలు చూపించి కుప్పకూలింది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది డిపాజిట్లు, 6 వేల కోట్ల రూపాయలకు పైగా ఇరుక్కుపోయాయి. అక్కడ కూడా స్థలం ఇస్తామన్న మాటే ఎర. నలుగురి సొమ్ము పోగుచేసి, నిర్వహణ తమ చేతిలో ఉంచుకుని, లాభం పంచుతామంటే అది సామూహిక పెట్టుబడి పథకం, దానికి సెబీ రిజిస్ట్రేషన్ కావాలని చట్టం చెబుతూనే ఉంది. శ్రీగంధం సంగతే చూడండి. అది పక్క చెట్టు వేరును ఆనుకుని బతికే చెట్టు. చేవ ముదరడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది, చేవ వచ్చాక దొంగలకు మొదట తెలుస్తుంది. ఊళ్లో మనిషి లేని తోటలో దాన్ని పెంచడం అంటే తాళం లేని ఇంట్లో బంగారం దాచినట్టే. పత్రాల బెడద సరేసరి. 1977 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వం పేదలకు పంచిన డి.పట్టా భూమి అమ్మకూడదు. 2023లో సవరించి, పంచి ఇరవై ఏళ్లు దాటిన భూములకు హక్కు ఇచ్చారు, 2024లో అక్రమాల పరిశీలన పేరుతో అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపారు. బ్రోకరు చూపించే జిరాక్సు కాగితం ఏ ఏడాదిదో చూసుకోని వారాంతపు రైతు ఈ మూడు తేదీల మధ్య ఎక్కడైనా చిక్కుకోవచ్చు.

పావు ఎకరాల్లో జరిగేది వేల ఎకరాల్లో ఎలా ఉంటుందో కూడా ఈ మండలాలే చూశాయి. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 2008-09 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా భూమి సేకరించి ఒక ప్రైవేటు సంస్థకు కట్టబెట్టారు. అక్కడ విద్యాసంస్థలు, పరిశోధన కేంద్రాలు, లక్షల ఉద్యోగాలు వస్తాయన్నారు. వచ్చినవి సీబీఐ కేసు, బ్యాంకు తాకట్లు, దివాలా ప్రక్రియ. తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి. ఈ వ్యాసానికి కావలసింది ఒకటే: సేకరణ కూడా దూరం లెక్కతోనే జరిగింది, నేలతో ఏం చేయాలన్న లెక్కతో కాదు. పదిహేనేళ్లు దాటినా నేల మీద ఏమీ లేవకపోవడానికి మూలం అక్కడుంది.

మరి బయటివారు రాకూడదా? ఈ సీమకే అంతకన్నా మంచి ఉదాహరణ ఉంది. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల రాళ్లదిబ్బ లాంటి నేల కొన్నారు. ఇద్దరూ ఈ ఊళ్లవాళ్లు కారు. వాళ్లు చేసిన తేడా అల్లా అక్కడే ఉండిపోవడం. పశువులు కొరక్కుండా, నిప్పంటకుండా కాపాడి, గట్లు వేసి, కుంటలు తవ్వితే నేల తనంత తానే తేరుకుంది. టింబక్టు కలెక్టివ్‌గా పెరిగిన ఆ పని పొదుపు సంఘాలకు, కొర్రా సామా పండించే రైతుల సహకార సంఘానికి దారితీసింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి వేల ఎకరాల ప్రభుత్వ బంజరును కల్పవల్లి అనే అడవిగా పెంచుకున్నారు. ఆ అడవి గుట్టల మీదికే తర్వాత గాలిమరలు ఎక్కాయి. యంత్రాల కోసం గుట్టలు తొలిచి రోడ్లు వేస్తే ఏళ్లపాటు పెరిగిన గడ్డి, చెట్లు పోయాయి. కాగితం మీద ఆ నేల పేరు బంజరు కాబట్టి ఊరి మాటకు బలం లేకపోయింది. ఒకే గుట్ట దగ్గర రెండు రకాల బయటివారు. ఒకరు మనుషులుగా వచ్చారు, ఇంకొకరు పెట్టుబడిగా. దీన్ని బట్టి పుట్టిన ఊరు అడ్డంకి కానే కాదని తేలుతుంది. నేల మంచీచెడూ తన మీద పడేంత దగ్గరలో యజమాని ఉన్నాడా లేడా అన్నదే తేడా తెస్తుంది.

ఈ దగ్గరతనాన్ని చట్టంగా రాసిన దేశం ఒకటి ఉంది. ఇండోనేషియా 1960 నాటి మౌలిక భూచట్టంలో సాగుభూమి ఉన్నవారు తామే దాన్ని సేద్యం చేయాలని నియమం పెట్టింది. 1961లో వచ్చిన 224వ నంబరు ఉత్తర్వు ఇంకో అడుగు వేసింది. భూమి ఏ కెచమతాన్‌లో ఉందో, అంటే మన మండలం లాంటి దానిలో, యజమాని అక్కడే ఉండాలి, లేదా పక్క మండలంలోనైనా ఉండాలి. లేకపోతే ఆరు నెలల్లో అక్కడికి మారాలి, లేదా అక్కడివారికి భూమి బదిలీ చేయాలి. విదేశీయులకు పూర్తి యాజమాన్య హక్కు అసలే లేదు. మనకూ కొంత ఇలాంటిదే ఉంది: ప్రవాస భారతీయులు సాగుభూమి, ఫార్మ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. టెక్సాస్‌లో ఉన్నవారికి పెనుకొండలో చేను కొనే హక్కు లేదు గాని, బెంగళూరులో ఉన్నవారికి ఉంది. ఇద్దరూ ఊరికి సమాన దూరంలోనే ఉన్నారన్నది వేరే సంగతి. ఇక ఇండోనేషియా అనుభవానికొస్తే అంత గొప్పగా లేదు. జకార్తాకు దక్షిణాన బోగోర్ కొండల్లో, పుంచక్ దారి పొడవునా నగరవాసుల విల్లాలు నిండిపోయాయి. స్థానిక గుర్తింపు కార్డు సంపాదించడం, ఊళ్లోవారి పేరు మీద కొనడం అక్కడ మామూలే. మన బినామీకి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు వేరు, పని అదే. చిలివుంగ్ నది పుట్టే ఆ కొండల్లో వాన నీరు ఇంకే చోటు తగ్గి, కింద జకార్తాకు వరద పెరిగింది. 2013లో అక్రమ విల్లాలను కూల్చారు, మళ్లీ లేచాయి, మళ్లీ కూల్చారు.

అంతటి కఠిన చట్టమే ఓడిపోయింది కదా, మనమేం చేస్తాం అని చేతులెత్తేయడం తేలిక. ఓటమి ఎక్కడ జరిగిందో చూస్తే వేరే పాఠం కనిపిస్తుంది. ఆ చట్టం యజమాని ఎక్కడ నివసిస్తాడో అడిగింది, నేల ఏమైందో అడగలేదు. నివాసం కాగితంతో నిరూపించవచ్చు, పంట కాగితంతో నిరూపించడం కష్టం. మన సీమలో ఆ ప్రశ్నను తిప్పి అడగాలి. పైగా నిషేధంలో ఇంకో అన్యాయం ఉంది. రైతుకు అవసరం వచ్చినప్పుడు మంచి ధరకు అమ్ముకునే హక్కు ఉండాలి. కొనేవాళ్లను ఊరికే పరిమితం చేస్తే లాభపడేది ఊళ్లో డబ్బున్న ఒకరిద్దరు, నష్టపోయేది అప్పులో ఉన్న చిన్న రైతు. అమ్మకాన్ని ఆపాలని ఈ వ్యాసం అడగడం లేదు. అమ్మకం తప్ప వేరే దారి లేని స్థితి పోవాలి, కొన్నాక నేలను తాళంలో పెట్టే స్వేచ్ఛ పోవాలి.

మొదటిదానికి దారి కొంత తెరుచుకునే ఉంది. నంబులపూలకుంట సౌర పార్కుకు భూమి సేకరించినప్పుడు రైతుకు దక్కింది ఒక్కసారి పరిహారం. ఆ తర్వాత ఇలాంటి పార్కులకు ప్రభుత్వ విధానంలో కౌలు మాట వినిపిస్తోంది: ఎకరాకు ఏడాదికి 30 వేల రూపాయల స్థాయి, రెండేళ్లకోసారి కొంత పెంపు. మంచి ఏడాది శెనక్కాయ మొత్తం రాబడికి ఇది సమానం, ఖర్చు లేకుండా, భూమి పేరు మారకుండా. ఆ భూమి మీద కూలి చేసేవాళ్లకు, కోరుకు చేసేవాళ్లకు ఇందులో ఏమీ లేదన్నది నిజమే, దానికి సమాధానం ఇంకా వెతకాలి. అయినా అమ్మకానికీ కౌలుకీ మధ్య ఉన్న తేడా తరతరాల తేడా. విద్యుత్ కంపెనీ కౌలుకు ఒప్పుకోగా లేనిది, వారాంతపు తోట కావాలనేవారు ఒప్పుకోలేరా? పది పదిహేనేళ్ల కౌలుకు రిజిస్ట్రేషన్ తేలిక చేసి, దస్తావేజు ఖర్చు తగ్గిస్తే, మట్టి మీద నిజంగా ప్రేమ ఉన్నవారు ఆ దారిన వస్తారు. దూరం మీద ప్రేమ ఉన్నవారు రారు. ఆ వడపోతకు వేరే అధికారి అక్కర్లేదు.

రెండోది కొంచెం మొండిగా చేయాల్సిన పని. యజమాని మండలం బయట ఉంటే కౌలు కార్డుకు అతని సంతకం అక్కర్లేదు, గ్రామసభ ధ్రువీకరణ చాలు అన్న చిన్న సవరణ ముందు కావాలి. భూమి పోతుందన్న భయం తీర్చడానికి 11 నెలల గడువు అలాగే ఉంచవచ్చు. వరసగా మూడేళ్లు విత్తనం పడని, చెట్టు నిలవని కంచె లోపలి నేలను హక్కు జోలికి పోకుండా, న్యాయమైన గుత్తకు మహిళా సంఘానికో కాపరుల సంఘానికో మేతకిచ్చే అధికారం పంచాయతీకి ఉండాలి. ఇదంతా ప్రైవేటు ఆస్తిలో జోక్యం అని గోల చేసేవారుంటారు. పన్ను లేని లాభం కావాలన్నప్పుడు అది సాగుభూమి, మేత అడిగినప్పుడు ప్రైవేటు ఆస్తి అనడం ఒకే నోట రెండు మాటలు. సాగుభూమికి ఇచ్చే మినహాయింపు అనుభవిస్తున్నంత కాలం సాగు సంగతి అడిగే హక్కు ఊరికి ఉంటుంది. వంక, చెరువు, జీవాల దారి సర్వే పటంలోకి ఎక్కితే గేటు ఎక్కడ పెట్టకూడదో కొనేవారికి ముందే తెలుస్తుంది. 2020 చివర్లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, హద్దురాళ్లు పాతారు. గొర్రెల దారి మాత్రం పటంలోకి ఎక్కలేదు.

ఖరీఫ్‌కు ముందు కౌలు కార్డుల గ్రామసభలు జరుగుతాయి. చిలమత్తూరు, గోరంట్ల, లేపాక్షి, పెనుకొండ మండలాల్లో ఆ సభ ముందు ఈసారి ఒక జాబితా పెట్టవచ్చు: ఊళ్లో ఎన్ని ఎకరాలకు యజమాని చిరునామా వేరే రాష్ట్రంలో ఉంది, అందులో ఎన్ని ఎకరాలకు ఈ-క్రాప్‌లో పంట పేరు ఉంది. హక్కుల రికార్డు వన్‌బీలో మొదటిదానికి ఆధారం దొరుకుతుంది, పంటల రికార్డు అడంగల్లో రెండోది. రెండూ ఒకే సచివాలయం కంప్యూటర్‌లో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.